చౌడు వేసిన మిద్దె

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెంకటప్ప పంచె ఎగగట్టుకుని కదిరమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు కొసన వేసిన ముడి విప్పి, బయానా దుడ్లు తీసి రోటి అంచున పెట్టాడు.

“ఇల్లు అమ్మనమ్మా. నీ దుడ్లు నువ్వు తీసుకో” అన్నాడు.

కదిరమ్మ జొన్నలు దంచుతోంది. ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఉండిపోయింది.

“ఏమప్పా, పొద్దున్నే తమాషా చేస్తాండావా?”

“తమాషా ఏముండాది? మనసు రాలేదు. అంతే.”

“సోమారం రిజిస్టరు. అనంతపురంలో స్టాంపు కాగితాలు రాయించి పెట్టినాము. ఇప్పుడొచ్చి మనసు రాలేదంటే?”

“రాయించింది నువ్వు. నేను ఏలిముద్ర ఏసినానా?”

గుడిసె లోపలినుంచి తిమ్మక్క బయటికి వచ్చింది. కదిరమ్మకు అక్క. చెల్లెలికంటే ఆరేళ్లు పెద్ద. ఇద్దరికీ మొగుళ్లు పోయారు, ఇద్దరికీ పిల్లలు లేరు. రోటి అంచున ఉన్న దుడ్లు చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. గోడకు ఆనుకుని కూలబడింది.

కదిరమ్మకు ఇంటికంటే అక్క ముఖ్యం. తిమ్మక్కది రాయదుర్గం పక్క మెట్టినిల్లు. మొగుడు పోయినాక చెల్లెలి దగ్గరకు వచ్చి నాలుగేళ్లుగా రాప్తాడులోనే ఉంటోంది. మరిది దాసప్ప దానికి ఒప్పుకోలేదు. మా ఇంటి కోడలు ఊరి బయట గుడిసెలో పడుండటం మాకు పరువు తక్కువ అని పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. పరువు పైకి చెప్పే మాట. అతనికి కావలసింది వేరుశనగ చేలో కలుపు తీయడానికి, నలుగురు పిల్లల్ని సాకడానికి, జీతం అడగని మనిషి. పెద్దమనుషులు నానా మాటలు చెప్పి చివరికి ఒక గడువు పెట్టారు. ఏరువాకలోపల అక్కచెల్లెళ్లు సొంత ఇల్లు సంపాదిస్తే తిమ్మక్క ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే దాసప్ప బండి కట్టుకుని వస్తాడు, ఆమె ఎక్కాలి.

తొమ్మిదేళ్ల వయసులో కదిరమ్మ ఒకసారి ఆ ఇంటి బండి వెనకాల పరిగెత్తింది. అక్కను అత్తగారింటికి పంపిన రోజు అది. రెండు మైళ్లు పరిగెత్తి, కాలి వేళ్లు రాళ్లకు తగిలి గోళ్లు లేచిపోతే, దోవలో కూర్చుని మట్టి తిన్నదట. ఆ కథ ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. ఆమె ఒక్కనాడూ నవ్వలేదు.

అందుకే ఉన్న గొర్రెలన్నీ అమ్మేసి వెంకటప్ప మిద్దె బేరం చేసింది. రెండు అంకణాల మట్టిమిద్దె. ఇరవై ఏళ్లుగా కారుతూనే ఉంది. వాన వచ్చిన ప్రతిసారీ వెంకటప్ప పెళ్లాం నాగలక్ష్మమ్మ కుండలూ చట్లూ ఇంటినిండా పరిచి, మొగుణ్ణి తిడుతూ కూర్చునేది. ఆ పోరు పడలేకనే అతను ఇల్లు అమ్ముకుని గార్లదిన్నెలో కూతురి దగ్గరకు పోతానన్నాడు. తాంబూలం పుచ్చుకున్నాడు. బయానా పుచ్చుకున్నాడు.

తప్పు కదిరమ్మదే. ఆ తరువాత ఊళ్లో అందరూ అదే అన్నారు. మట్టిమిద్దె మీద ఏటేటా వానలకు ముందు కొత్త చౌడు వేయాలి. ఆ తెల్లటి ఉప్పుమన్ను వాన పడితే బిగుసుకుని చుక్కనీరు కిందికి వదలదు. వెంకటప్ప ఆ పని ఏనాడో మానేశాడు. రిజిస్టరు అయ్యేలోపల మృగశిర వచ్చేస్తుందేమోనని ఆమెకు ఆత్రం. పైగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో మిద్దెకు చౌడు మోసేది ఆ ఇంటి మనుషులే. పరాయివాళ్ల కప్పు మీద ఎవరూ గంప దించరు. తన చౌడు పైకెక్కితే ఇల్లు తనదైపోయినట్టేనని ఆమె నమ్మకం.

“కాగితం కానీలే” అని తిమ్మక్క అంటే, “కాగితం కొంగులో ఉంటాది, చౌడు నెత్తిన ఉంటాది, అందరూ చూస్తారు” అంది. ఎనిమిది రోజులు ఇద్దరూ చెరువు అవతలనుంచి గంపలు మోశారు. గడ్డలు చితక్కొట్టి, జానెడు మందాన పరిచి, నీళ్లు గొట్టం వైపు జారేట్టు వాటం తీశారు. వెంకటప్ప కిందనుంచి చూసి, “బలే ఆడోళ్లు!” అని మజ్జిగ పోయించాడు.

నిన్న వాన పడింది. మిద్దె కారలేదు.

“ఒక్క చుక్క పడలేదమ్మా” అన్నాడు వెంకటప్ప ఇప్పుడు, ఆ మాట అనకుండా ఉండలేక. “మా ఇంటిది కుండలన్నీ పరిచింది. ఒక్కదాంట్లో తడి లేదు. ఇంగ నేను గార్లదిన్నెలో అల్లుని పంచన ఎందుకు పడుండల్ల, నువ్వే చెప్పు.”

కదిరమ్మ చేతిలోని రోకలి విసిరింది. అది అతని చెవి పక్కనుంచి పోయి కంచెలో పడింది. వెంకటప్ప బెదిరి రెండడుగులు వెనక్కి వేసి, “ఆడదానివని ఊరుకుంటాండా” అంటూ వెళ్లిపోయాడు.

ఆమె పార తీసుకుంది.

“కదిరీ, వద్దే” అంది తిమ్మక్క.

“నా మన్ను నేను తెచ్చుకుంటా. దానికి ఎవని రిజిస్టరూ అక్కరలేదు.”

తిమ్మక్క వెంటపడి వచ్చేసరికే కదిరమ్మ నిచ్చెన ఎక్కి మిద్దె మీదుంది. తడి చౌడును పారతో పెళ్లగించి వీధిలోకి విసురుతోంది. ఒక్కో పెళ్ల కింద పడి బాంబులా పగులుతోంది. మిద్దె నడుమ వెలుతురుకోసం వదిలిన గవాచి కనిపించింది. దానిమీది బండ కాలితో తన్ని, ఆ కంతలోంచి ఇంట్లోకి చౌడు కుమ్మరించింది. కింద పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది.

నాగలక్ష్మమ్మ నెత్తినిండా తెల్లమన్నుతో వీధిలోకి ఉరికింది. “ఓ ముండమోపీ, సంగట్లో మన్ను పోసినావు గదే! నీ చేతులు ఇరిగిపోను!”

“తినవే తల్లీ, తిను! ఎనిమిది దినాలు నా నెత్తిన మోసిన మన్ను, బాగా ఉప్పగా ఉంటాది, తిను!”

జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంకటప్ప చెవిన పడింది. ఎద్దుల్ని తోలే ముల్లుకర్ర పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. తల పైకి రాగానే కదిరమ్మ నిచ్చెన కొసల మీద కాలు పెట్టి తోసింది. నిచ్చెనతో సహా వెల్లకిలా పడ్డాడు. నిచ్చెన మెట్టు మూతికి తగిలి, ముందరి పన్ను ఊడి నోటివెంట రక్తం కారింది. లేచాడు. మళ్లీ నిచ్చెన నిలబెట్టాడు. ఈసారి రెండేసి మెట్లు ఎక్కి, ఆమె పార ఎత్తేలోపల ముల్లుకర్రతో మోకాలి మీద కొట్టాడు. కదిరమ్మ బోర్లా పడింది. అతను జుట్టు చేతికి చుట్టుకుని తడి చౌడులో ఆమె ముఖం అదిమాడు. ముక్కులోకీ నోట్లోకీ మన్ను పోయింది.

“నీ మన్నేనా? తీసుకుపోతావా? తీసుకో!”

ఈడ్చుకుంటూ అంచు దాకా తెచ్చాడు. కిందనుంచి ఎవరో “సంపుతాడ్రో, పట్టుకోండి!” అని అరిచారు. ఎవరూ ఎక్కలేదు. ఎక్కింది తిమ్మక్క ఒక్కతే. వచ్చీరాగానే వెంకటప్ప మణికట్టు పట్టి కొరికింది. పళ్లు ఎముకకు తగిలేదాకా వదల్లేదు. అతను కేకపెట్టి జుట్టు వదిలేసి, తిమ్మక్క డొక్కలో తన్ని, తూలి మోకాళ్ల మీద పడ్డాడు. ముల్లుకర్ర కిందికి జారిపోయింది.

కదిరమ్మ లేచింది. కళ్లనిండా మన్ను. పార ఎత్తింది. ఎదురుగా వెంకటప్ప బట్టతల. అది తప్ప ఆ మిద్దె మీద మరేమీ లేనట్టుగా ఉంది.

“వద్దే, ఉరేస్తారే నిన్ను!” అని తిమ్మక్క చెయ్యి చాపి అడ్డం వచ్చింది.

పార దిగింది. ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. తిమ్మక్క కుడి ముంజేయి మధ్యలో వంగి వేలాడింది. తెల్లటి చౌడు మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడింది.

వెంకటప్ప మోకాళ్ల మీదనే ఏడవడం మొదలుపెట్టాడు.

పెద్దమనిషి మారెప్ప వచ్చి పోలీసుల దాకా పోనీకుండా అక్కడికక్కడే తెంచేశాడు. ఇల్లు వెంకటప్పది. పన్ను పోయినందుకు, చెయ్యి పోయినందుకు ఎవరికి ఎవరూ ఇచ్చుకోవలసింది లేదు. నల్లమ్మ అనే ముసలామె వచ్చి ఎముక సరిచేసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది. “అతుక్కుంటాది గానీ, ఇంగ బరువు మోసే చెయ్యి కాదు” అని చెప్పి పోయింది.

నాలుగో రోజు దాసప్ప బండి వచ్చింది. చక్రాల చప్పుడు వినగానే కదిరమ్మ గుడిసె తలుపుకు అడ్డంగా కూర్చుంది. అతను ఆమెను దాటి లోపలికి తొంగిచూశాడు. మూలన తిమ్మక్క, ఉబ్బి నల్లబడ్డ వేళ్లు, మెడకు వేలాడగట్టిన చెయ్యి.

“కుడిచెయ్యా?” అన్నాడు.

“కుడిచెయ్యే” అంది తిమ్మక్క.

“పనికొస్తాదా?”

“రాదంట మరిదీ.”

దాసప్ప కాసేపు గడ్డం గోక్కున్నాడు. “దినాలు బాగలేవు వదినా. దోవలో కుదుపులకు నొప్పి ఎక్కువైతాది. నువ్వు ఈడనే ఉండు. మళ్లా చూస్తాం” అన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా బండి మళ్లించాడు. అది మలుపు తిరిగేదాకా కదిరమ్మ చూస్తూ నిలబడింది. మళ్లీ రాడని ఆమెకు తెలుసు. గుండె మీదనుంచి బండరాయి దిగినట్టయింది. ఆ వెంటనే, అలా అయినందుకు ఒళ్లు జలదరించింది.

లోపలికి వచ్చి సంగటి ముద్ద చేసి అక్క నోటికి అందించింది. “ఆ దుడ్లతో మళ్లా రెండు గొర్రెలు పట్టుకుందాము. ఇల్లు లేకుంటే మానె. ఇద్దరమూ ఈడనే ఉంటాం” అంది.

తిమ్మక్క ముద్ద నమిలి మింగింది.

“కదిరీ, ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పాకు. నేను అడ్డమొచ్చేది చూసినావా?”

కదిరమ్మ చేతిలో రెండో ముద్ద ఉంది. చూడలేదంటే సరిపోయేది. కళ్లలో మన్నుందని ఊరంతా నమ్మింది. కానీ చూసింది. చాపిన చెయ్యి, దానిమీది పచ్చబొట్టు, చౌడంటిన వేళ్లు, అన్నీ చూసింది. రెప్పపాటు వ్యవధి ఉండింది. ఆ రెప్పపాటులో చెయ్యి ఆగలేదో, తానే ఆపలేదో నాలుగు రోజులుగా తనను తాను అడుగుతూనే ఉంది.

“చూసినా అక్కా” అంది.

తిమ్మక్క ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కంచం తన వైపు లాక్కుని, ఎడమచేత్తో తడబడుతూ సంగటి తుంచుకోవడం మొదలుపెట్టింది. సగం నోటికి, సగం కొంగు మీద పడుతోంది. కదిరమ్మ చేతిలోని ముద్ద ఆరిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.