వాలు మీద ఖలాస్

అరబ్బు దేశంలో, జింజ్‌లోని ఒక ఇంటి వంటగదిలో సాయికుమారి తరుగుతున్న బెండకాయలు పక్కకు నెట్టి, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించింది. యజమానురాలు ఉమ్ హమద్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిణ్ని సాయికుమారి అక్కడి పనివాళ్లందరిలా మామా, అంటే అమ్మా, అని పిలుస్తుంది. మామా కొడుకులిద్దరూ మంచు మీద జారడానికి జార్జియా వెళ్లారు. వాళ్లకు వండిపెట్టి వ్యాన్ నడపడానికి సాయికుమారి భర్త గణపతి కూడా వెళ్లాడు. ఇప్పుడు వీడియో కాల్‌లో ఉన్నది అతనే.

“ముక్కు ఉందో ఊడిందో తెలీట్లేదే కుమారీ. వేడిగా ఇంత చారు పోస్తే ఆస్తంతా రాసిచ్చేస్తాను.”

“ఏ ఆస్తండీ, ఆ చిరిగిన స్వెట్టరా? ముందు అబ్బాయిల్ని చూపించండి.”

ఫోన్ పైకి తిరిగింది. తెల్లటి కొండ కొమ్మున రెండు చుక్కలు. ఎర్ర కోటు పెద్దవాడు హమద్, పసుపు కోటు చిన్నవాడు యూసుఫ్.

“గైడ్ ఏడీ?”

“రానన్నాడు. రాత్రి గాలికి ఆ వాలు మీద కొత్త మంచు పేరుకుందంట, ఇవాళ వద్దన్నాడు. హమద్ వింటేగా. నిన్నెవరో దిగిన జాడలున్నాయి, వాళ్లకేం కాలేదుగా అంటాడు. రేపు విమానం ఎక్కేస్తే మళ్లీ ఈ కొండ దొరకదంట.”

ఆ మాటలు సాయికుమారి అరబ్బీలో చెప్పలేదు. మామా నవ్వుతూ తెరకేసి చూస్తోంది.

వాలు మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంది. పైనున్నవాడికి ఉబ్బు కింద ఏమీ కనబడదు. అందుకే ఒకడు దిగి చెట్లలోకి చేరాకే రెండోవాడు కదలాలని అన్నదమ్ములు అనుకున్నారు. చేరాడన్న కబురు కిందనుంచి గణపతి వాకీటాకీలో చెప్పాలి. ఒకటే మాట, ఖలాస్. అయిపోయింది, ఇక నువ్వు రా అని.

ఎర్ర చుక్క పాత జాడల వెంట జారింది. ఉబ్బు దాటింది. దాని వెనక మంచు మీద నల్లటి గీత పడింది. గీత కింది వాలంతా పలకలుగా విరిగి కదిలింది. ఎర్ర చుక్క మాయమైంది.

“అయ్యో, ఖలాస్... ఖలాస్ అయిపోయాడే.” అన్నాడు గణపతి. వాకీటాకీ మీట అతని బొటనవేలి కింద నొక్కుకునే ఉంది.

“అల్‌హందులిల్లా,” అంది మామా. ఆవిడకు కనబడింది లేచిన మంచు పొగ మాత్రమే. ఖలాస్ అన్నాడు కాబట్టి కొడుకు క్షేమంగా చేరాడనుకుంది.

సాయికుమారి ఫోన్ మీదికి వంగింది. పైనున్నవాడూ అలాగే అనుకుంటాడు.

“ఏవండీ, పోయాడని మీరు ఖలాస్ అన్నారు. ఆ అబ్బాయి రమ్మన్నారనుకుంటాడు. ఆగమనండి. ఓగఫ్ అనండి ముందు.”

పసుపు చుక్క అప్పటికే కదిలింది. వద్దు, ఆగమని గణపతి వాకీటాకీలో అరిచాడు.

“యూసుఫ్, ఓగఫ్. లా, లా, ఓగఫ్.”

పసుపు చుక్క కాస్త జారి, పక్కకు పడి ఆగింది. దాని కింద ఇంకా విరగని మంచు వేలాడుతోంది.

సాయికుమారి ఇక దాచలేదు. హమద్ మంచు కింద ఉన్నాడని చెప్పింది. మామా ఫోన్ లాక్కుంది.

“సీదా వెళ్లమను. అన్న దగ్గరికి సీదా.”

అన్నదమ్ములిద్దరి ఒంటి మీదా మంచులో ఒకరినొకరు వెతుక్కునే సిగ్నల్ పెట్టెలున్నాయి. ఇప్పుడు హమద్‌ను వెతకగలిగేది యూసుఫ్ ఒక్కడే.

గణపతికి అరబ్బీ అర్థమైంది. అయినా మీట నొక్కలేదు. “కుమారీ, సీదా అంటే ఆ గీత మీదుగానే. పక్కన రాళ్ల గట్టుంది, దానిమీద మంచు నిలవలేదు. కానీ అటైతే ఆలస్యం. ఏం చెప్పను? ఒకసారి నోరు జారాను.”

సాయికుమారి యజమానురాలి మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆవిణ్ని అలా ముట్టుకోలేదు.

“మామా, సీదా దిగితే అదీ విరుగుతుందేమో. తవ్వడానికి ఒకడైనా మిగలాలి కదా.”

మామా తెర మీది పసుపు చుక్క కేసి చూసింది. తర్వాత ఫోన్‌ను నోటి దగ్గరకు తెచ్చుకుంది. అటువైపు గణపతి తన ఫోన్‌కు వాకీటాకీ ఆనించాడు.

“యూసుఫ్, రాళ్ల మీదుగా రా నాన్నా. మెల్లగా రా.”

పసుపు చుక్క గట్టెక్కింది. ఎంత మెల్లగా దిగిందంటే మామా ముసుగు అంచులో మొహం దాచుకుంది. కిందికి చేరగానే గణపతి పార తీసుకుని పరిగెత్తాడు. ఫోన్ జేబులోకి పోయి తెర నల్లబడింది. ఇక శబ్దాలే. పెట్టె కూత. పార దెబ్బలు. యూసుఫ్ ఏడుపు. గణపతి రొప్పు. చోటు దొరికి కూత ఆగిపోయింది, పార ఆగలేదు.

చాలాసేపటికి గణపతి గొంతు వినబడింది. “కుమారీ, దగ్గుతున్నాడే.”

మామా ఆమె భుజం పట్టి ఊపింది. ఏమన్నాడు, ఏమన్నాడు అని. సాయికుమారికి ఆ మాటకు అరబ్బీ తోచలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని, తనే దగ్గి చూపించింది.