నొప్పికి నాలుగు

గీతికకు అరవొద్దని నేర్పింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత నేను ఎవరి మీద కోప్పడినా ఇది గుర్తుంచుకోండి.

నా పేరు ఊర్మిళ. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక ఆసుపత్రిలో స్త్రీల వార్డు డాక్టర్ని. రెండేళ్ల కిందట మంగ అనే ఆవిడ కిడ్నీలో రాయితో మా ఎమర్జెన్సీకి వచ్చింది. భర్త బ్లూ కార్డ్ వీసా మీద ఉద్యోగానికి వచ్చిన ఇంజనీరు. ఆవిడ "అమ్మా, అయ్యో" అని ఏడుస్తుంటే అక్కడివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. మనలాంటి దక్షిణాది దేశాలవాళ్లు గోరంత నొప్పిని కొండంత చేస్తారని ఇక్కడ కొందరు డాక్టర్లకు గట్టి నమ్మకం. నొప్పి ఇంజెక్షన్ పడేసరికి మంగకు మూడు గంటలు పట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడే ఐదుగురు డాక్టర్లం కలిసి ఒక బృందం పెట్టుకున్నాం. ప్రతి గురువారం పాత ఫైళ్లు ముందేసుకుని, ఏ దేశపు పేరున్న పేషంటు మందు కోసం ఎంతసేపు కూర్చున్నాడో లెక్క తీస్తాం. తేడా కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఆ కాగితాలు పట్టుకెళితే మా చీఫ్ శ్రద్ధగా చదివి, బాగుందని మెచ్చుకుని సొరుగులో పెడతాడు.

ఆసుపత్రి మారేలా లేదని మావాళ్లనే మార్చబోయాను. నా తెలివి అంత. ఉగాదికి తెలుగు స్టూడెంట్లందరూ ఒక హాల్లో కలిస్తే, పులిహోరకూ పాటలకూ మధ్య నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "ఏడవకండి, అరవకండి. ఎక్కడ, ఎప్పటినుంచి అన్నది నెమ్మదిగా చెప్పండి. పదికి నొప్పి ఎంత అని అడుగుతారు. పది అన్నారో, నటిస్తున్నారనుకుంటారు" అని చెప్పాను. ముందు వరుసలో ఒక పిల్ల అదంతా ఫోన్‌లో రాసుకుంది. కరీంనగర్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన గీతిక.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం గీతిక పొత్తికడుపు నొప్పితో మా ఎమర్జెన్సీకి వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. తోడొచ్చిన రూమ్మేట్ ఈషా తర్వాత అంతా చెప్పింది. ట్రామ్‌లో రెండుసార్లు వాంతి చేసుకుందట. ఆసుపత్రిలోకి వెళ్లేముందు మొహం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని, నిటారుగా నడిచి వెళ్లిందట. నొప్పి ఎంత అని అడిగితే నాలుగు అంది. అడిగినవాళ్లందరికీ నవ్వుతూ "డాంకే" అని థాంక్స్ చెప్పింది. రక్తం తీశారు, నొప్పి మాత్రలిచ్చారు, వేడి నీళ్ల సంచి పెట్టుకోమని ఇంటికి పంపేశారు.

ఆదివారం పొద్దున అంబులెన్సులో వచ్చింది. అండాశయం మెలిపడి, రక్తం అందక నల్లబడిపోయింది. తీసేశాం. ఆపరేషన్ బల్ల దగ్గర రెండో డాక్టర్ని నేనే. ముందురోజే స్కాన్ చేసి ఉంటే, ఆ మెలిక విప్పి వదిలేసేవాళ్లమేమో. ఇరవై మూడేళ్ల పిల్ల.

సోమవారం ఫైలు తీశాను. "నొప్పి నాలుగు. పేషంటు నవ్వుతోంది. చర్మం రంగు మామూలు." అదే శనివారం, గంట తేడాతో, ఒక జర్మన్ అమ్మాయి కూడా కడుపునొప్పితో వచ్చి నాలుగే అంది. ఆమె ఫైల్లో "మొహం పాలిపోయింది" అని రాసి అరగంటలో స్కాన్‌కి పంపారు. గీతిక మొహమూ పాలిపోయే ఉంటుంది. చామనఛాయ మీద అది పైకి కనబడదు, కింది కనురెప్ప లాగి చూడాలి. మా ఊళ్లో కాంపౌండరుకి కూడా తెలిసిన సంగతి.

రెండు ఫైళ్లూ చీఫ్ బల్ల మీద పెట్టాను. ఆయన నిదానంగా చదివాడు.

"ఆ అమ్మాయి నాలుగు అంది, మనవాళ్లు నమ్మారు. పేషంట్ల మాట నమ్మండని రెండేళ్లుగా అడుగుతున్నది మీ బృందమే కదా?" అన్నాడు.

వెటకారంగా అన్నా బాగుండేది, తిరిగి నాలుగు మాటలనేదాన్ని. ఆయన నిజంగానే అడిగాడు. కనురెప్పల సంగతి వచ్చే గురువారం చర్చించమని చెప్పి ఫైళ్లు నా చేతికిచ్చాడు.

సాయంత్రం వార్డుకి వెళ్లి, ఫిర్యాదు రాయమని గీతికను బతిమాలాను.

"వద్దక్కా. నాలుగు అన్నది నేనే గదా."

"నిజంగా ఎంత ఉండింది?"

"తొమ్మిదో, పదో. పది అంటే నమ్మరని మీరే చెప్పిన్రు గద. తొమ్మిదన్నా గట్లనే అనుకుంటరేమో అనిపించింది. నాలుగైతే మర్యాదగా ఉంటదనుకున్న."

నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే ఎంత బాగుండేదో.

"మల్ల ఎప్పుడన్న నొప్పొస్తే ఏం చెయ్యాలక్కా? అరవాల్నా?"

పదకొండేళ్ల చదువు, ఐదేళ్ల ఉద్యోగం, రెండేళ్ల గురువారాలు. దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.

ఇంతలో గీతిక ఫోన్ మోగింది. వీడియో కాల్. "అమ్మకు అపెండిక్స్ అని చెప్పిన. గదే చెప్పున్రి అక్కా, మీకు దండం పెడ్త" అని గబగబా కళ్లు తుడుచుకుని, ఫోన్ నా వైపు తిప్పింది. తెర మీద వాళ్లమ్మ విజయలక్ష్మి రెండు చేతులూ జోడించి ఉంది.

"డాక్టరమ్మా, మా పిల్ల చిన్నప్పటిసంది సూదంటేనే ఇల్లు పీకి పందిరేస్తది. గసొంటిది గింత ఆపరేషన్‌కి ఒక్క కేక గూడ వెయ్యలేదంట. మీరే నేర్పిన్రంట గద. మా పిల్లను మీరే కాపాడిన్రు."

గీతిక నన్నే చూస్తోంది.

"అవునమ్మా," అన్నాను. "చాలా బాగా ఓర్చుకుంది."