దొర తరఫున నేను మాట్లాడిన రోజు

ఇలా రా అమ్మాయ్, ఆ కుర్చీ నా పక్కకి లాక్కో. చెవి కాస్త ఇటు పడేయ్. మా దొరకి థెరపీ ఎలా దొరికిందో మా కోడల్ని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నేను చెబితేనే కథ కథలా ఉంటుంది.

దొర అంటే నా మనవడు. మూడేళ్ళు నిండాయి. ఆ బిరుదు నేనిచ్చిందే. మాటా పలుకూ లేదు, పనులు మాత్రం జరిగిపోవాలి. ఇంట్లో చెంచాలన్నీ హాల్లో రైలు పెట్టెల్లా బారుగా పేరుస్తాడు. ఒక్కటి కదిలిందా, ఇంటి కప్పు లేచిపోవాలి! మేము ఆ రైలు దాటుకుంటూ తిరుగుతూ, టీలో చక్కెర గరిటె కాడతో కలుపుకుని తాగేవాళ్ళం.

పిల్లల డాక్టరు అన్నీ చూసి, ఇది ఆటిజం అన్నాడు. అడగటం, ఆగటం, ఎదుటివాళ్ళతో కలవటం ఆటల్లో పెట్టి కొంచెం కొంచెంగా నేర్పే థెరపీ ఉందట. ఎంత చిన్నప్పుడు మొదలెడితే అంత మేలట. కానీ ఆ థెరపీ మంజూరు చేసే ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటేనే ఇంటికి టీచరు వస్తుంది. పిల్లాణ్ణి చూసి, ఇంట్లోవాళ్ళని అడిగి, అవసరం లేదనుకుంటే మళ్ళీ ఏడాది దాకా ఆ తలుపు తట్టడానికి లేదు. మా అబ్బాయికి సెలవు దొరకలేదు. కోడలికి తోడు నేను బయల్దేరాను.

బస్సులో కోడలు నాకు పాఠం మొదలెట్టింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతా. అక్కడ వాణ్ణి పొగడకండి. వాడికి ఏం రాదో అదే చెప్పాలి."

"రాకపోవడమేమిటే? నిన్న సాయంత్రం వాడు..."

"అదిగో, అప్పుడే!"

"సరే, నోరు కుట్టేసుకున్నా, చాలా?"

"మీ నోటికి కుట్లు ఆగవు అత్తయ్యా. అవునూ కాదూ అనండి, చాలు."

ఆఫీసు గదిలో ఓ గుండ్రటి బల్ల, మూలన బొమ్మల బుట్ట, గోడకి కొట్టిన గడియారం. నేనేమో పొద్దున్నే దొరకి తలంటి, పాపిడి తీసి, ఫోటోకి దిగేవాడిలా తయారుచేశాను. అల్లరి చేస్తే పరువు పోతుందని ఇంటి తాళాలగుత్తి చేతికిచ్చాను. వాడు ఒక్కొక్క తాళంచెవినీ తిప్పి చూసుకుంటూ, ధ్యానంలో మునిగిన మునిలా కూర్చున్నాడు. అక్కడే నేను పప్పులో కాలేశాను.

మంజూరు చేసే ఆఫీసరమ్మ కళ్ళజోడు పైనుంచి వాణ్ణి చూసింది. "బాబు చాలా నెమ్మదస్తుడిలా ఉన్నాడే! కొంతమంది పిల్లలకి మాట ఆలస్యం. ఇంకో ఏడాది చూద్దామా?"

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు రాసిచ్చిన కాగితం తీయబోయింది. నాకేమో "నెమ్మదస్తుడు" అన్న మాటే చెవిన పడింది. ఇక ఈ నోరు ఊరుకుంటుందా?

"నెమ్మదస్తుడా? బంగారమమ్మా! మంచినీళ్ళు కూడా అడిగి ఎరగడు."

బల్ల కింద కోడలు నా కాలు తొక్కింది. ఆఫీసరమ్మ కలం తీసింది.

"మరి దాహమైతే, నానమ్మగారూ?"

"వాడు అడగాల్సిన ఖర్మేంటమ్మా? వంటింటి వైపు రెండడుగులేస్తే నీళ్ళు. గుమ్మం వైపు వేస్తే చెప్పులు. వాడి అడుగు నాకు తెలీదూ?"

"పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా?"

"దొరలు పిలవగానే తిరుగుతారా? నేనే ఎదురెళ్ళి మోకాళ్ళ మీద కూలబడతా. లేవలేక గోడ పట్టుకుంటా, అది వేరే సంగతి."

"తోటిపిల్లలతో ఆడతాడా?"

"తగువే లేదు తల్లీ! పార్కులో పిల్లలంతా జారుడుబల్ల కోసం జుట్లు పట్టుకుంటుంటే, మావాడు గేటు తీస్తూ వేస్తూ ఉంటాడు, చీకటి పడేదాకా. ఎవరితో మాటపట్టింపు లేదు."

కలం పరుగెడుతోంది. కోడలు నా కాలు మీంచి తన కాలు మెల్లగా తీసేసింది. నేను ఇంకా రెచ్చిపోయాను. ఇంత శ్రద్ధగా మనవడి గొప్పలు రాసుకునే మనిషి నాకు ఆ రోజుదాకా దొరకలేదు మరి!

అప్పుడా ఆఫీసరమ్మ కలం ఆపి, "మీరు ఇంట్లో లేని రోజున?" అంది.

"నేనెప్పుడూ ఉంటా. మొన్న కంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్నానంతే. అప్పుడూ ఏ ఇబ్బందీ..."

"ఇబ్బంది పడ్డాడు, అత్తయ్యా." కోడలి గొంతు వినిపించింది. "బీరువా ముందు కూర్చుని నేలకేసి తల కొట్టుకున్నాడు. పాలిచ్చాం, బంతిచ్చాం, బీరువాలో బట్టలన్నీ తీసి కుప్ప పోశాం. ఏదిచ్చినా తోసేశాడు. నుదురు బొప్పి కట్టింది. ఏం కావాలో ఇప్పటికీ తెలీదు."

"నాకు చెప్పలేదేం?"

"మీ కంటికి కట్టు ఉంది. ఏడవకూడదన్నారుగా డాక్టరు."

బీరువాలో ఏముందో వెతుక్కున్నాను మనసులో. వాడి అడుగు తెలుసని ఇంతసేపూ గొప్పలు పోయినదాన్ని, నాకూ తెలీలేదు. దొర మాత్రం తాళాలు తిప్పుకుంటున్నాడు.

"అమ్మా, నేను చెప్పిందంతా నిజమే," అన్నాను. "కానీ వాడి దాహం నాకు తెలిస్తే సరిపోదు. నేను లేనినాడు నీళ్ళిచ్చేవాళ్ళకి తెలియాలి. వాణ్ణి ఇంకొకళ్ళలా మార్చమనటం లేదు, గేటు ఎన్నిసార్లు తీసుకున్నా తీసుకోనీ. అడగటం ఒక్కటి నేర్పించండి. ఏడాది ఆగితే ఎన్ని బొప్పులు కట్టాలి?"

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పరు నానమ్మగారూ. వచ్చేవారమే టీచర్ని పంపిస్తాం. కానీ ముందు మీకు నేర్పాలి, తర్వాతే బాబుకి."

"నాకెందుకు?"

కోడలు నవ్విన నవ్వుకి దొర కూడా తలెత్తి చూశాడు.

టీచరమ్మ వచ్చింది. సన్నగా, ఓపికగా, జేబులో సబ్బు బుడగల సీసాతో. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "చేతులు ఒళ్ళో పెట్టుకోండి, నోరు తెరవద్దు" అంది. నా యాభై ఏళ్ళ కాపురంలో మా ఆయన అనలేని మాట అది!

ఆవిడ బుడగలు ఊదింది. దొర ఎగిరాడు. ఆవిడ మూత బిగించి ఊరికే కూర్చుంది. దొర గాల్లోకి చూశాడు, గోడకేసి చూశాడు, కేక పెట్టాడు. నా మనసు బెల్లంలా కరిగిపోతోంది. లేవబోతే కోడలు కొంగు పట్టుకుని లాగింది.

అలా ఎన్నో రోజులు. ఒకనాడు దొర కేక ఆపాడు. నా వైపు రాలేదు. టీచరమ్మ దగ్గరికెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని, సీసా మూత మీద పెట్టాడు. కళ్ళలోకి ఒక్క చూపు చూశాడు.

బుడగలు గదంతా నిండిపోయాయి. కోడలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కాకపోతే సగం ఏడుపు కుళ్ళుతో. ఆ చెయ్యి నాది కాదుగా! ఆ మాట పైకి అనేసరికి టీచరమ్మ నవ్వి, "అందుకేగా నేనొచ్చింది, నానమ్మా" అంది.

అదీ సంగతి. వెళ్ళి నీ తోటికోడలికీ, మీ వీధివాళ్ళకీ చెప్పు. "మాట వాడే నేర్చుకుంటాడులే, తొందరేముంది" అనేవాళ్ళు కనిపిస్తే, ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పు. ఒక్క ముక్క కూడా తగ్గించకు. గొప్పలు చెప్పుకునే చోట నా అంతగా సాగదీయడం నీకు చేతకాకపోయినా, కోడలు నా కాలు తొక్కింది మాత్రం మర్చిపోకు.