తెల్లమెట్టుకీ నల్లమెట్టుకీ మధ్య

నాకు ముక్కుమీద కోపమని అందరూ అంటారు. పొద్దస్తమానం శ్రుతి తప్పిన హార్మోనియంలు వింటూ కూర్చుంటే వాళ్ళ ముక్కుల మీద ఏముంటుందో నేనూ చూస్తాను.

ముప్ఫయ్యేళ్ళుగా నాది ఇదే పని. ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. చిరిగిన గాలితిత్తికి తోలు అతికిస్తాను, కుంగిపోయిన మెట్టుకి కొత్త స్ప్రింగు వేస్తాను, గొంతు మారిన రీడుని ఆకురాయితో సవరిస్తాను. రీడంటే వేలెడంత ఇత్తడి నాలుక. మొదట్లో గీకితే స్వరం దిగుతుంది, కొసన గీకితే ఎక్కుతుంది. చెయ్యి వెంట్రుకవాసి జారితే పని మళ్ళీ మొదటికొస్తుంది. తప్పు శ్రుతితో ఒక్క హార్మోనియం పెట్టె కూడా నా కొట్టు గడప దాటలేదని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు.

అది అబద్ధం. ఒకటి దాటింది. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికోసారి దాటుతూనే ఉంది.

అది మా వీధి చివర ప్రార్థన మందిరంలో ఉండే పెట్టె. వారానికోసారి అక్కడ నాలుగొందల మంది కలిసి పాడతారు. పాటలో మొదటి వరస ఏ వాద్యమూ లేకుండా ఒక్కరే ఎత్తుకోవాలి. రెండో వరసకి పెట్టె కలుస్తుంది, మూడోదానికి జనం అందుకుంటారు. అక్కడి పద్ధతి అది. ఆ ఎత్తుకునే మనిషి మా ఆవిడ.

మా ఆవిడకి దేవుడంటే ప్రాణం. నాకూ ఆయనకీ పెద్దగా రాకపోకల్లేవు. ఆయన పని ఆయనది, నా పని నాది. ఆవిడ పాడుతుంటే నేను బయట మెట్లమీద, చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి. గొంతు మంచిదే. చిక్కల్లా ఒకటే. ఆవిడ ఎత్తుకునే స్వరం తెల్లమెట్టుకీ నల్లమెట్టుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. పోనీ ఓ రోజు అటూ ఓ రోజు ఇటూ జరుగుతుందా అంటే, అదీ లేదు. జలుబు చేసినా, జ్వరమొచ్చినా, మేకు కొట్టినట్టు అక్కడే.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఆవిణ్ణి ఎత్తుకోమన్నారు. ఎత్తుకుంది. రెండో వరసకి పెట్టె కలవబోయింది, కలవలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంటికొచ్చి అంట్లు తోముతూ, "నా గొంతు దేవుడికి అక్కర్లేదేమోనండీ," అంది. ఆ తోమడంలో గిన్నె మీద నీళ్ళెన్నో కన్నీళ్ళెన్నో నేను చెప్పలేను. నాకు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే మందిరం పెట్టె తిత్తి చిరిగి నా దగ్గరికొచ్చింది. తిత్తి అతికించాను. పనిలో పనిగా మొత్తం డెబ్బై ఎనిమిది రీడ్లనీ మా ఆవిడ స్వరానికి దించేశాను.

ఆ వారం ప్రార్థన కాగానే ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏవండీ, దేవుడు నా పాట విన్నాడు! పెట్టె వచ్చి నా గొంతులో కలిసిపోయింది!"

ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? అప్పటినుంచీ ఏటేటా పెట్టె నా దగ్గరికి రావడం, ఆవిడ వంటింట్లో కూనిరాగం తీస్తుంటే నేను తలుపు వారన నిలబడి విని, ఆ స్వరం చెవిలోంచి జారకముందే కొట్టులోకి పరిగెత్తి గీకడం. దొంగతనం కూడా ఇంత కష్టం కాదు.

అలా సాగిపోతుండగా మందిరానికి కొత్త పాటల మాస్టారు వచ్చాడు. పాతికేళ్ళవాడు. వచ్చిన మూడో వారం చంకలో పెట్టె, చేతిలో ఫోనుతో నా కొట్టు మెట్లెక్కాడు.

"బాబాయిగారూ, మందిరం పెట్టె మీ చేతి పనేనా?"

"నా చేతిదే. ఏం?"

"శ్రుతి దిగి ఉందండీ, ఫోనులో చూశాను. ఒకటో రెండో రీడ్లయితే పాతబడ్డాయి అనుకోవచ్చు. అన్నీ సమానంగా దిగాయి. ఎవరో కావాలని దించినట్టుంది."

కుర్రాడు తెలివైనవాడు. అలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. వచ్చేవారం మందిరం వార్షికోత్సవమట, వేణువు వాయించే పెద్ద విద్వాంసుడు వస్తున్నాడట. "వేణువుని గీకలేం కదండీ. పెట్టెనే సరిచెయ్యాలి," అని, దాన్ని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

సరిచేస్తే మా ఆవిడ నాలుగొందల మంది ముందు నవ్వులపాలవుతుంది. చెయ్యకపోతే ముప్ఫయ్యేళ్ళ నా పేరు గంగలో కలుస్తుంది. పేరు పోతే పోనీ అనుకున్నాను. కానీ ఆ కుర్రాడి నోట్లో నువ్వుగింజ నానేలా లేదు. ఈ సంగతి ఆవిడ చెవిన పడక తప్పదు. అలాంటప్పుడు నా నోటినుంచే పడాలి.

బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. చేతిలో చొక్కా మడత సగంలో ఆగిపోయింది. రెండ్రోజులు నాతో మాటల్లేవు. చెప్పాల్సినవన్నీ గిన్నెలకీ తలుపులకీ చెప్పింది. అవి కూడా దడదడమని జవాబిచ్చాయి.

మూడోరోజు కొట్టులోకి వచ్చి నిలబడింది.

"నా పాటకి నీ పెట్టెని కలిపావు, నాకింకేం వద్దు అని ఇన్నేళ్ళూ దేవుడికి దండం పెట్టుకున్నానండీ."

"తెలుసు."

"తీరా చూస్తే అది మీరు."

"నేనే."

బల్లమీది ఆకురాయిని చేతిలోకి తీసుకుంది. "మీ చేత చేయించిందెవరు మరి?"

"ఎవరూ చేయించలేదే! నువ్వు ఏడుస్తుంటే చూడలేక చేశాను."

"నేనూ అదే అంటున్నా," అంది.

నా మానాన నేనుంటే, నన్ను తీసుకెళ్ళి ఆయన కొలువులో చేర్చేసింది.

"నాకు చెప్పకుండా దాచడం మాత్రం మీ సొంతం. దాన్ని దేవుడి మీదికి తొయ్యకండి," అని వేలు చూపించింది. "ఇప్పుడు పెట్టె సరిచెయ్యండి. అది మీ పని. పాడటం నా పని. కలిస్తే కలుస్తుంది, లేకపోతే లేదు."

రెండ్రోజులు నడుం విరిగేలా కూర్చుని సరిచేశాను. ఒప్పు పని చేస్తూ అంత ఏడుపొచ్చింది అప్పుడే.

వార్షికోత్సవం రోజు చెప్పుల దగ్గర కూర్చోవడానికి మనసొప్పలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి లోపలికెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆవిడ లేచింది, ఎత్తుకుంది. మేకు కొట్టినట్టు అక్కడే. రెండో వరసకి మాస్టారి పెట్టె కలవబోయింది. ఒకే గుమ్మంలో ఇద్దరు ఒకేసారి దూరబోయి ఇరుక్కున్నట్టయింది. తలలు తిరిగాయి. ఆవిడ ఎవరివంకా చూడలేదు, ఆపలేదు.

మూడో వరస. జనం అందుకున్నారు.

నాలుగొందల గొంతులు ఆవిడ ఉన్నచోటే ఉన్నాయి. ముసలీ ముతకా, పిల్లా పీచూ, ఒక్కరు కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. ఇరవై రెండేళ్ళుగా నా పెట్టెతో పాడినవాళ్ళు కదా! నేను రీడ్లనే దించాననుకున్నాను, మందిరం మందిరమంతా దిగి ఆవిడ పక్కన నిలబడింది. మాస్టారు ఇంకో నాలుగు మెట్లు నొక్కి చూసి, మెల్లిగా తిత్తి మూసేశాడు. విద్వాంసుడు వేణువుని సంచిలో పెట్టి చప్పట్లు అందుకున్నాడు. చెవుల గురించి గొప్పలు చెప్పుకునే నాకు ఆ పూట కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.

పాట అయ్యాక మందిరం పెద్దాయన నా భుజం తట్టి, "పాట అద్భుతం. పెట్టె మాత్రం పాడైనట్టుందయ్యా, కాస్త బాగుచెయ్యి," అన్నాడు.

మర్నాడు మాస్టారు పెట్టె మోసుకుంటూ వచ్చాడు. "బాబాయిగారూ, పాత చోటికే తెచ్చెయ్యండి. నాలుగొందల మందిని సరిచెయ్యడం నావల్ల కాదు."

"మొన్ననే కదయ్యా నడుం విరగ్గొట్టుకున్నాను! ఆటలుగా ఉందా?" అని వీధంతా వినపడేలా అరిచాను. మాస్టారు పెట్టె అక్కడే వదిలేసి ఒక్క ఉదుటున మెట్లు దిగాడు.

ఆ అరుపుకి మా ఆవిడ వెనక గదిలోంచి వచ్చింది, చేత్తో పీట పట్టుకుని. నా ఎదురుగా వేసుకుని కూర్చుంది. "ఈసారి తలుపు వారన నక్కక్కర్లేదు. కానివ్వండి," అని స్వరం ఎత్తుకుంది.

మొదటి రీడు తీసి మొదట్లో గీకాను. బిగించి, ఊది చూశాను. మళ్ళీ గీకాను. మూడోసారికి పెట్టె ఎక్కడ ఆగిందో, ఆవిడ ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"కలిసిందా?" అంది.

"ఇంకా లేదు. మళ్ళీ పాడు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. అబద్ధమని తెలిసిపోయింది. అయినా మళ్ళీ పాడింది.