పసుపు పూసిన పదమూడో రీలు

నేను ఒక సినిమా రీలుని. పద్నాలుగు రీళ్ళ సినిమాలో పదమూడోదాన్ని. అంటే పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి లాంటిదాన్ని. చాకిరీ అంతా నాది, ఫోటోలో ముందు నిలబడేది ఇంకొకడు.

మద్రాసులో ఒక ల్యాబులో పుట్టాను. పుట్టగానే మందునీళ్ళలో ముంచారు, కడిగారు, ఆరేశారు. మీ పిల్లలకి చేసేవే. కాకపోతే నాకు ఎవరూ ఉయ్యాల కట్టలేదు, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించారు. బడి మొహం చూసినదాన్ని కాదు. ప్రేమ గురించి నాకు తెలిసిందల్లా నా ఒంటి మీద అచ్చేసింది ఒకటి, జనం దగ్గర చూసింది ఇంకొకటి. ఆ రెంటికీ ఏనాడూ పొత్తు కుదరలేదు.

సినిమా పేరు ‘మరువలేనే మాధవీ’. కథ పెద్దగా ఏం లేదు. పేదవాడు, పెద్దింటి పిల్ల, మధ్యలో పాటలు. నా వంతు వచ్చేసరికి మాధవికి వేరే సంబంధం కుదిరిపోతుంది. జోరున వాన. “నన్ను మరిచిపో” అంటుందావిడ. హీరో గుండె మీద చెయ్యేసుకుని, “మరిచిపోవడానికి నువ్వేమన్నా పాఠానివా మాధవీ?” అంటాడు. ఈ మాటకి నేల క్లాసులో ఈలలే ఈలలు. బళ్ళో రెండో ఎక్కం దాటనివాళ్ళే ఎక్కువ వేసేవాళ్ళు. ఆ తర్వాత పద్నాలుగో రీలు. అందులో మాధవి పెళ్ళిపందిరి ముందు హీరో రక్తం కక్కుకుని పోతాడు, ఆవిడ విషం మింగుతుంది, రెండు చితులు పక్కపక్కనే మండుతాయి. ఏడిపించి చంపేది నేను, పేరు మాత్రం దానికి.

ఊళ్ళన్నీ తిరిగి, ఒళ్ళంతా గీతలు పడ్డాక బొడ్డవలస పైడితల్లి టాకీసుకి చేరాను. అక్కడ ఆపరేటరు సన్యాసిరావు. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ముందుచూపున్న మనుషులు.

హాలు బయట వేరుశెనగకాయలు అమ్మే ముసలమ్మకి వరహాలమ్మ అని కూతురు ఉండేది. అందరూ వరాలు అనేవాళ్ళు. ఉడకబెట్టిన కాయలు పొట్లం కట్టి మేడ మీద క్యాబినుకి పట్టుకొచ్చేది. మెషీను పక్కనున్న చిన్న కిటికీలోంచి సినిమా చూసేది. నా వంతు వచ్చినప్పుడల్లా ముక్కు చీదుతూ ఏడ్చేది. అది చూసి సన్యాసిరావుగారు కరిగిపోయి, నా ఒంట్లోంచి మాధవి కన్నీళ్ళు కార్చే ముక్క కత్తిరించి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తాజ్‌మహలు కట్టించి ఇచ్చినట్టు మురిసిపోయాడు. కోత పడింది నాకు. అప్పట్నుంచి నా మాధవి “నన్ను మరిచిపో” అని, చుక్క కన్నీరు రాల్చకుండా గిరుక్కున తిరిగి వెళ్ళిపోతుంది.

వరాలు కూడా అలాగే వెళ్ళింది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడితో పెళ్ళి కుదిరింది. సన్యాసిరావు చెరుకురసం బండి దగ్గర ఆ పిల్లని ఆపి, గుండె మీద చెయ్యేసుకుని, “మరిచిపోవడానికి నువ్వేమన్నా పాఠానివా వరాలూ?” అన్నాడట. ఆ పిల్ల “బేగి ఎల్లాల, అమ్మ తిడతాది” అని వెళ్ళిపోయిందట. ఇదంతా నన్ను మెషీనుకి ఎక్కిస్తూ, దింపుతూ వాడే చెప్పుకునేవాడు. ఆ వేడి గదిలో నేను కాక వినేవాళ్ళెవరు?

ఇక చూడండి మావాడి అవస్థ. ప్రేమించడం మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. విరహానికి మాత్రం సినిమా కావాలి. గడ్డం పెంచాడు. నడి వేసవిలో, మెషీను వెలుగు కోసం కార్బన్ పుల్లలు మండే క్యాబినులో శాలువా కప్పుకుని చెమటకాయలు తెచ్చుకున్నాడు. తాగుదామని సారా కొట్టుకి వెళ్ళి, మొదటి గ్లాసుకే కొట్టు ముందు కక్కాడు. కొట్టువాడు నీళ్ళ బిందె ఇచ్చి కడిగించాడు. తోడుకి ఒక కుక్కని చేరదీశాడు. అది నాలుగు పూటలు అన్నం తిని అతన్నే కరిచింది. మిగిలింది గడ్డం ఒక్కటే. దానికి ఖర్చు లేదు, పైగా అదే పెరుగుతుంది.

ఏళ్ళు గడిచాయి. టాకీసు ఓనరు పాత్రుడుగారు పాత సినిమాలు వేసి రోజులు నెట్టుకొస్తూ ఒక ఆదివారం మ్యాట్నీకి మళ్ళీ మమ్మల్ని తెప్పించాడు. ఆ వారమే వరాలు మొగుడితో, కూతురితో పుట్టింటికి వచ్చింది. సినిమాకి వస్తున్నారని శెనగకాయల ముసలమ్మే సన్యాసిరావుకి చెప్పింది, పాపం ఏమీ తెలియక.

అతనికి ఒకటే కోరిక. పదమూడు, పద్నాలుగు రీళ్ళు ఆడేటప్పుడు వరాలు ఏడవాలి. ఒక్క చుక్క చాలు. ఆ ఏడుపు హీరో కోసం కాదు, తన కోసమే అని వాడికి తెలుస్తుందట. ఇన్నేళ్ళ గడ్డానికి ఆ ఒక్క చుక్కే కూలి.

మా హాళ్ళలో కొత్త సినిమా వస్తే మొదటి రీలు డబ్బాకి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. సన్యాసిరావుకి మొదటి రీలుతో ఏం పని? పైడితల్లిని తలుచుకుని నా డబ్బాకి, పద్నాలుగో దాని డబ్బాకి పసుపు ముద్ద చేసి మూతలంతా పట్టించాడు. మూతల మీదే సుద్దతో మా నంబర్లు రాసి ఉంటాయి. భక్తి చిక్కగా ఉండటంతో సుద్ద కాస్తా పసుపులో కలిసిపోయింది. ఇద్దరం పేరంటాళ్ళలా ముస్తాబై పక్కపక్కన కూర్చున్నాం. ఎవరు ఎవరో మాకే అనుమానం వచ్చింది.

పన్నెండో రీలు చివరికొచ్చింది. సన్యాసిరావు కళ్ళు కిటికీలోంచి వరాలు కూర్చున్న బెంచీ మీదున్నాయి. చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఒక డబ్బా అందుకున్నాడు. అందింది పద్నాలుగు. ఓరి దౌర్భాగ్యుడా, నేనిక్కడున్నానురా అని అరిచాను. రేకు డబ్బా గొంతు ఎవడికి వినపడుతుంది?

తెర మీద హీరో ఉన్నట్టుండి పందిరి ముందుకొచ్చి రక్తం కక్కుకున్నాడు. ఎందుకు కక్కాడో జనానికి అర్థం కాలేదు. ఏదో పడనిది తిన్నాడనుకున్నారు. చితులు మండాయి. చీర కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళబోతున్నాయి. సన్యాసిరావు తెర వైపు చూస్తేగా, చూపంతా వరాలు మీదే. అప్పుడు, పద్నాలుగోదనుకుని రెండో మెషీనుకి ఎక్కించిన నేను మొదలయ్యాను.

ఇప్పుడే కాలి బూడిదైన ఇద్దరూ గళ్ళ చొక్కాతో ఒకరు, పూల చీరతో ఒకరు వానలో తడుస్తూ నిలబడ్డారు. హాలు ఒక్క క్షణం నోరు తెరిచింది. నేల క్లాసులోంచి ఎవరో, “బాగా మండినట్టున్నారు, సల్లారతన్నారు” అన్నాడు. అంతే, హాలు విరగబడి నవ్వింది. “నన్ను మరిచిపో” అని మాధవి అనగానే ఇంకొకడు, “సచ్చినాక కూడా ఇదే గోలా తల్లీ” అన్నాడు. వరాలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. మొగుడి భుజం మీద కొడుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. చుక్క కావాలన్నాడుగా, ధారలే వచ్చాయి. మొక్కు ఎలా మొక్కుకోవాలో తెలియకపోతే ఇలాగే ఉంటుంది.

పాత్రుడుగారు కిందికి రమ్మని కబురుపెట్టాడు. ఉద్యోగం ఊడిందనుకుని సన్యాసిరావు, నంబరు చెరిగిందనడానికి సాక్ష్యంగా నన్ను డబ్బాతో సహా చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. సోడా కొట్టు దగ్గర వరాలు ఎదురైంది.

“ఏటి సన్నేసీ, నువ్వేనా? గెడ్డం ఏటి, ఏ దేవుడికి మొక్కినావు?”

చంకలో ఉన్నాను కాబట్టి వాడి గుండె చప్పుడు నాకు తెలుసు. ఆగి, మళ్ళీ మొదలైంది. ఇన్నేళ్ళు తన కోసమే పెంచిన గడ్డం ఎదురుగా ఉంటే, ఆవిడకి అది దేవుడి బాకీలా కనిపించింది.

“సింహాద్రి అప్పన్నకి” అన్నాడు చివరికి.

“మరి తీర్సీయకపోనావా? దేవుడితో ఆటలేటి?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “నువ్విచ్చిన ఫిలిం ముక్క మా పాప బల్బు ముందెట్టి గోడ మీద సినిమా ఆడిస్తాది. నీ పేరే చెప్తాను, సన్నేసి మామ ఇచ్చినాడని” అంది.

కాబట్టి మరిచిపోలేదు. ఆ సంగతే వాడికి ఎక్కువ గుచ్చుకుంది. మరిచిపోయి ఉంటే కనీసం అదో కథ. గుర్తుపెట్టుకుని కూడా హాయిగా ఉంటే ఏం చేస్తాం?

పోతూ పోతూ, “నీకింకా పెళ్ళవలేదా? మా ఆడపడుచు వరస పిల్లుంది, చిన్నమ్మి. ఏదన్నా మొహం మీద అనేస్తాది గాని మంచిది” అంది.

పాత్రుడుగారు తిట్టలేదు. జనం నవ్వుకుంటూ వెళ్తున్నారట, ఇక మీదట చావు ముందు, వాన తర్వాత వెయ్యమన్నాడు. సినిమా అలాగే ఆడింది. చచ్చాక విడిపోతే జనానికి బాధ లేదని అప్పుడు తెలిసింది.

నోరు జారి దేవుడి పేరెత్తాడు గనక సన్యాసిరావు సింహాచలం వెళ్ళక తప్పలేదు. గడ్డంతో పాటు తలనీలాలూ ఇచ్చేశాడు. గడ్డం కింద మామూలు మొహం ఒకటి ఉంది, అది చూసి ముందు ఆశ్చర్యపోయింది వాడే. గుండు మీద జుట్టు మొలిచేసరికి చిన్నమ్మితో పెళ్ళైపోయింది.

ఆ తర్వాత టాకీసు కల్యాణ మండపమైంది. మమ్మల్ని పంపిణీ చేసినవాళ్ళు దుకాణం మూసేశారు, వెనక్కి పంపే చోటు లేక సన్యాసిరావు మమ్మల్ని ఇంటికి మోసుకెళ్ళాడు. చిన్నమ్మికి అటక మీద చోటు దండగ. కత్తెర పట్టుకుని నన్ను బారలు బారలుగా కోసి వాళ్ళ మొక్కజొన్న చేలో తాళ్ళకి కట్టింది, చిలకలు రాకుండా. కడుతూ ఒక ముక్క ఎండకి పట్టి చూసింది.

“ఈ వానలో తడుస్తన్న ఆడమనిసి ఎవుర్తయ్యా?”

సన్యాసిరావు దగ్గరికొచ్చి చూశాడు. నున్నటి గడ్డం గోక్కున్నాడు. ఇప్పుడన్నా గుండె మీద చెయ్యేసుకుంటాడేమో అని నేను గాలిలో నిటారుగా నిలబడ్డాను.

“ఎవుర్తో. పేరేదో ఉండీది” అని, కలుపు తియ్యడానికి వెళ్ళిపోయాడు.

ఎండకి మాధవి మొహం తెల్లబడిపోతోంది. గాలి వచ్చినప్పుడల్లా నేను మాత్రం గరగరమంటూ నా మాట నేను అంటూనే ఉన్నాను, మరిచిపోవడానికి నువ్వేమన్నా పాఠానివా అని. మొదట్లో చిలకలు భయపడేవి. ఇప్పుడు నన్ను కట్టిన తాడు మీదే కూర్చుని కంకులు తింటున్నాయి.