దొరకలేదని రాసే ముందు

భద్రు బల్ల తుడుస్తున్నాడు. కంప్యూటరు తెర చుట్టూ రంగురంగుల చీటీలు అంటించి ఉన్నాయి. వాటికి తడి తగలకుండా గుడ్డను వేలికి చుట్టి సందు సందుకూ పోనిస్తున్నాడు. అందులో ఒక్క చీటీ ఊడినా యమున ప్రాణం ఊడినట్టే. ఒక్కో కంపెనీకి ఒక్కో పోర్టల్, ఒక్కో పోర్టల్‌కు ఒక్కో పాస్‌వర్డు. మార్చమని అదే అడుగుతుంది, మార్చాక నువ్వెవరని అదే అడుగుతుంది.

మిర్యాలగూడలో ఆ ప్రైవేటు ఆసుపత్రి వెనక భాగంలో ఉన్న చిన్న గది అది. కంపెనీలు కొత్తగా చేసిన మందులను, ఒప్పుకున్నవాళ్ళకు ఇచ్చి చూసే గది. ఎవరికి ఏ గోలీ ఇచ్చారు, వాళ్ళకు ఏమైంది అన్నదంతా యమున పోర్టల్‌లో ఎక్కించాలి. ఆమెది కోదాడ. మెత్తని పిల్లే గానీ పొద్దున్నే పోర్టల్ తెరిచేటప్పుడు మాత్రం పళ్ళు కొరుకుతుంది. హైదరాబాదులో కూర్చున్న కంపెనీవాళ్ళకు అక్కడ అంతా కనిపిస్తుంది, మనుషులు తప్ప.

పోర్టల్ తేదీ చెబుతుంది. ఆ తేదీకి మనిషిని తెచ్చేది భద్రు. ఆసుపత్రి బండి మీద వెళ్ళి, మిరపచేలలో ఉన్నా, పెళ్ళిపందిట్లో ఉన్నా వెతికి పట్టి వెనక కూర్చోబెట్టుకు వస్తాడు. అతనికి యాభై ఏడో ఎనిమిదో ఏళ్ళుంటాయి. పొడుగు మనిషి. రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి కుడి భుజం మీద చర్మం గిట్టలా గట్టిపడింది. చొక్కా ఎప్పుడూ అక్కడే ముందు చిరుగుతుంది. మాట తక్కువ. నోరు విప్పితే మాత్రం అవతలివాడు ఒక అడుగు వెనక్కి వేయాల్సిందే.

గోడ మీద అద్దంలో అతని పేరుతో ఒక సర్టిఫికెట్ ఉంది. ఈ గదిలో పనిచేసే ప్రతివాడూ పోర్టల్‌లో పాఠం విని పరీక్ష రాయాలని కంపెనీ నియమం. భద్రు తండాలో పంతులు రాని బడిలో చదువుకున్నాడు. అతని బదులు యమునే రాసింది. వందకు వంద వచ్చాయి.

"సదివింది నువ్వు, పాసైంది నేను. గిట్లయితె డాక్టర్ పరీక్ష గూడ రాయి బిడ్డా, ఒక పనైపోతది" అన్నాడు ఆ రోజు. అప్పుడు నవ్వింది యమున. నవ్వుతూనే తల దించుకుంది.

ఇవాళ ఆమె నవ్వడం లేదు. తెర మీద ఒక నంబరు పక్కన ఎర్ర గుర్తు వెలుగుతోంది.

"నిడమనూరు ఎల్లమ్మ గారిది, బాబాయ్. షుగర్ మందు స్టడీ. పోయిన వారం రావాలి, రాలేదు. ఇవాళ్టితో గడువు అయిపోతుంది. ఫోన్ చేస్తుంటే స్విచాఫ్ వస్తోంది."

"నేను తండల పెండ్లికి పోయిన వారమే గద అది" అన్నాడు భద్రు, గుడ్డ పిండుతూ. "ఇప్పుడు పోత."

"యాడికి పోయేది?" అంటూ దామోదర్ లోపలికి వచ్చాడు. సూర్యాపేట మనిషి, ఈ గదికి పెద్ద. చేతిలో రెండు ఫోన్లు, రెండూ మోగుతూనే ఉంటాయి. "మధ్యాహ్నం కంపెనీ తరఫున చరిత మేడమ్ ఆన్‌లైన్ల తనిఖీకి కూసుంటది. గామె సూసేసరికి ఎర్ర గుర్తు ఉండొద్దు. యమునా, 'దొరకలేదు' అని ఉంటది గద, గది కొట్టి ఖతం చెయ్యి."

"ఇంకా ఎవరూ వెళ్ళలేదు కదండీ..."

"ఫోన్ చేసినవ్ గద, సాలు. దొరకలేదంటె ఒక్క మాటతోటి ఒడుస్తది. దొరికి, కడుపుల నొచ్చిందో కాలు నొచ్చిందో అన్నదనుకో, నూరు ప్రశ్నలు. పోర్టల్ల ఒక్కదాన్కి జవాబిస్తే ఇంకో పది మొలుస్తయ్. కంపెనీకి మన మీద అనుమానమొచ్చిందంటె వచ్చే స్టడీ ఇంకోనికి పోతది. గప్పుడు గీ గదికి తాళమే. నేనేదో దావత్‌ కోసం చెప్తలేను."

అతను అబద్ధం చెప్పడం లేదని భద్రుకు తెలుసు. అయినా 'దొరకలేదు' అన్న ఆ ఒక్క మాట అతనికి చేపముల్లులా గుచ్చుకుంది.

చాలా ఏళ్ళ కిందట, భద్రు మిల్లులో బస్తాల కింద ఉన్న పూట, ఎవరో సర్వే ఆయన తండాకు వచ్చి, తాళం వేసిన గుడిసెను చూసి, ఈ కుటుంబం ఇక్కడ లేదు అని రాసుకుపోయాడు. రేషన్ బియ్యం ఆగిపోయాయి. భార్య జానకి అప్పుడు నిండు చూలాలు. గంజి తాగి రోజులు నెట్టింది. భద్రు ఆఫీసుకు వెళ్ళి గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు. లెమ్మన్నారు. "నేను లేను గద సార్. లేని మనిషి మీకెట్ల అడ్డమైండు? దాటిపోండ్రి" అన్నాడు. ఎవరూ దాటలేదు. సాయంత్రానికి పేరు మళ్ళీ ఎక్కింది. జానకి పోయి కొన్నేళ్ళయింది గానీ ఆ గంజి రుచి భద్రు నాలుకను వదల్లేదు.

గుడ్డను కిటికీ మీద ఆరేశాడు.

"దొరకలేదని రాయాల్నంటె ఎవడన్న పోయి ఎతకాలె గద సార్."

"నీకేం ఎరుక భద్రూ, గిదంతా కంపెనీ రూల్స్..."

"ఎరుకే. నూటికి నూరొచ్చినయ్. గోడకున్నది సూడుండ్రి."

యమున నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దామోదర్ ముఖం కందగడ్డయింది. "ఇయ్యాల బండి గేటు దాటిందంటె రేపు నీకు పని లేదు. ఇగ నీ ఇష్టం."

కాసేపటికి గేటు దగ్గర బండి చప్పుడు వినిపించింది. ఆగలేదు.

నిడమనూరులో ఎల్లమ్మ ఇంటికి తాళం ఉంది. భద్రుకు నవ్వొచ్చింది. తాళం చూసి తిరిగిపోయేవాడైతే ఈ పనికి ఎందుకు? పక్కింటామె బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది, నేరేడుచర్ల దిక్కు చెల్లెలింటికి నాట్లకు పోయిందని. ఏ ఊరో తెలియదంది. భద్రు నేరేడుచర్ల పోయి నేరుగా షేర్ ఆటోల అడ్డా దగ్గర ఆగాడు. కూలీలను పొద్దున ఎవరు ఏ పొలం దగ్గర దించారో ఆటోవాళ్ళకు తెలిసినట్టు దేవుడికి కూడా తెలియదు. "షుగర్ ఉన్నది, సన్నగుంటది, నోరు జర పెద్దది" అని ఆనవాలు చెప్పాడు. "గా అవ్వనా! కిరాయి కాడ నా తాత ముత్తాతలను దించింది" అని ఒకడు దారి చూపించాడు.

వాన వెలిసి పొలాలు అద్దాల్లా ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఎల్లమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని ఎడమ చేత్తో వాళ్ళకు నారు అందిస్తోంది. కుడిచేతికి మోచేతి నుంచి వేళ్ళ దాకా వెదురు బద్దలతో నాటు కట్టు. భద్రును చూడగానే లేచి పారిపోబోయింది.

"ఉరుకకు ఎల్లక్కా, మల్ల పడ్తవ్."

"పట్టుకపోనీకొచ్చినవా? నేను రాను. గా గోలీ మింగితె చెమటలు పోసి కండ్లు తిరుగుతున్నయ్. పెద్ద వాన పడ్డనాడు గట్టు మీదికెల్లి పడ్డ. చెయ్యి ఇరిగింది, ఫోను నీళ్ళల్ల పోయింది. అప్పటిసంది గోలీ బంద్ పెట్టిన. ఏలిముద్ర ఏసి మానేసిన్నని కేసు పెడ్తరా నా మీద?"

"ఎప్పుడన్న మానెయ్యొచ్చని ఏలిముద్ర ఏసిననాడే చెప్పిన్రు గద. మానెయ్యి. ఎవ్వడు ఏమనడు."

"మరెందుకొచ్చినవ్?"

భద్రు గట్టు మీద చతికిలబడ్డాడు. "నువ్వు లేవని రాస్తున్నరు గాడ. దొరకలేదట."

ఎల్లమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "లేనా? గింత మనిషిని కండ్ల ముందు కూసుంటె లేనా? చెయ్యి ఇరగ్గొట్టుకున్నది నేను, లేకుండ పోయేది గూడ నేనేనా? ఎవడన్నడో నడువు, సూస్త."

చేతిలో ఉన్న నారును నడుములో దోపుకుని బురద కాళ్ళతోనే బండెక్కింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. భద్రు గుంతలన్నీ తప్పిస్తూ నడిపాడు.

గదిలో తెర మీద ఒక మూల చరిత ముఖం కనిపిస్తోంది. దామోదర్ యమున కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "తిరుగుతూనే ఉందండీ. పాస్‌వర్డు తప్పు అంటోంది" అంటోంది యమున. తెర పక్కన ఒక చీటీ జాగా ఖాళీగా ఉంది. ఆ చీటీ ఆమె ఎడమ పిడికిట్లో నలిగి ఉంది.

తలుపు తోసుకుని ఎల్లమ్మ వచ్చింది. భద్రు కుర్చీ లాగి తెర ముందు వేశాడు. యమున పక్కకు జరిగింది.

"ఎవరండీ ఈవిడ?" అంది చరిత.

"దొరకనిదాన్ని నేనే బిడ్డా. నా పేరు ఎల్లమ్మ."

"పేరు చెప్పొద్దు! కంపెనోల్లకు నంబరే చెప్పాలె!" దామోదర్ నెత్తి పట్టుకున్నాడు.

"నంబరు నీ బండికి రాసుకో. నాకు మా అవ్వ పేరు వెట్టింది." ఎల్లమ్మ కట్టు కట్టిన చెయ్యిని కెమెరా ముందుకు చాపింది. తెర నిండా వెదురు బద్దలు, వాచిన వేళ్ళు. "మీ గోలీ మింగి పడ్డ. గిది రాసుకో. ఇగ మింగ. గది గూడ రాసుకో."

చరిత తెరకు దగ్గరగా వంగి ఆ చేతిని చూసింది. తర్వాత మెల్లగా, ఒత్తి పలికింది. "యమునా, ముందు డాక్టర్‌ను పిలవండి. ఆమెకు ఎక్స్‌రే తీయించండి. తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు ఈ రోజే ఎంటర్ చేయండి. దామోదర్ గారూ, ఆమెను దొరకలేదని అనుకోవడానికి ఏం ప్రయత్నాలు చేశారో నాకు రాతపూర్వకంగా కావాలి."

డాక్టర్ వచ్చాడు. నాటు కట్టు విప్పి, ఎముక వంకరగా అతుక్కుంటోందని మళ్ళీ సరిచేసి పిండికట్టు వేశాడు. పోర్టల్ ఈసారి ఒక్క మాటకే తెరుచుకుంది. చెమటలు, కళ్ళు తిరగడం, గట్టు, విరిగిన చెయ్యి అన్నీ యమున ఒక్కొక్కటిగా ఎక్కించింది. ఎర్ర గుర్తు పోలేదు. దాని కింద కొత్త ప్రశ్నలు పడుతూనే ఉన్నాయి. యమున పళ్ళు కొరకలేదు.

భద్రు ఎల్లమ్మను నేరేడుచర్ల ఆటో ఎక్కించి, పదిలంగా దించమని చెప్పి వచ్చేసరికి పొద్దు వాలింది. దామోదర్ వరండాలో నిలబడి ఉన్నాడు. రెండు ఫోన్లూ జేబులో ఉన్నాయి. మోగుతున్నా తీయడం లేదు.

"పొద్దుగాల కోపంల అన్న భద్రూ. రేపు రా. గని ఇగ నేనొద్దన్న పని చెయ్యనని ఒక్క మాట అను. గంతే."

భద్రు అతని వంక చూశాడు. ఆ మాట అంటే ఖర్చేమీ లేదు. అన్నవాళ్ళు ఎందరో హాయిగా బతుకుతున్నారు. రేపటి నుంచి ఏం చేయాలో అతనికి తెలియదు. భుజం మళ్ళీ బస్తాకు లొంగే వయసు కాదు.

"అనను సార్" అన్నాడు.

బండిని నీడలోకి తోసి, స్టాండు వేసి, తాళంచెవి దానికే వదిలి గేటు దాటాడు. ఈసారి కాలినడకన. వెనక్కి చూడలేదు.

యమున చివరి జవాబు ఎక్కించి లేచేసరికి గదిలో ఆమె ఒక్కతే. దీపం ఆర్పబోయి ఆగింది. చెయ్యి చూపించే తొందరలో ఎల్లమ్మ నడుము నుంచి తీసి పెట్టి మరిచిపోయింది కాబోలు. అలాంటివి తీసి బల్ల తుడిచే మనిషి ఇక రాడు. తెల్లని బల్ల మీద, కీబోర్డుకు ఆనుకుని, వేర్లకు బురదతో పచ్చగా ఒక పిడికెడు వరినారు.