తలుపు తన్నిన చప్పుడు

బట్టలారబెట్టే డ్రయ్యర్ తలుపు మళ్ళీ పడలేదు. వర్నెటా తువ్వాళ్ళన్నీ లోపలికి కుక్కి మడమతో ఒక్క తన్ను తన్నింది. ధబ్. వెనకే అలవాటుగా ఆమె నోట్లోంచి ‘హుఁ’ అని చిన్న ఊపిరి. డెట్రాయిట్‌లో ఈ ఇల్లు కొన్నప్పటినుంచీ ఆ తలుపు గడియ పట్టదు. బాగుచేయించమంటే మొగుడు ఓడెల్, “తంతే పడుతోందిగా,” అనేవాడు.

బేస్‌మెంట్‌లో ఈ పక్క డ్రయ్యర్, ఆ పక్క అతను పాటలు కట్టే స్పీకర్లూ కంప్యూటరూ. “వాడు కింద ఉన్నాడంటే చర్చిలో ఉన్నట్టేనమ్మా, కదిలించకు,” అనేది అత్తగారు ఎర్నస్టీన్. అదే గదిలో కోడలు బట్టలు ఉతుకుతుంటే మాత్రం అది చర్చి కాదు. అయినా అతని పాటలన్నిటికీ కిక్ డ్రమ్, అంటే తాళానికి ధబ్‌మని పడే ఆ పెద్ద దెబ్బ, సరిచేసేది వర్నెటాయే. కిక్కూ, అడుగున గుంయ్‌మనే బేసూ ఒకేసారి మీద పడితే పాటంతా బురదైపోతుంది. కిక్ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గాలి, తగ్గినట్టు వినేవాళ్ళకి తెలియకూడదు. ఆ సంగతి ఆమెకి ఒకరు నేర్పక్కర్లేకపోయింది.

కిందటి చలికాలం, కొత్త పాటలో కిక్ అట్టపెట్టె మీద కొట్టినట్టుందని ఓడెల్ తల పట్టుకుని కూర్చుంటే, మైకు తెచ్చి డ్రయ్యర్ దగ్గర పెట్టి తన్నింది ఆమే. ఆ చప్పుడుని రికార్డు చేసి కంప్యూటర్‌లోని కిక్ కింద పొరలా పరిచింది. చివరి ‘హుఁ’ తీసేసి చూస్తే ప్రాణం పోయినట్టనిపించి మళ్ళీ పెట్టేసింది. ఓడెల్ ఆమెని ఎత్తి గిరగిరా తిప్పాడు. “మన పాట వర్నీ! ఇద్దరి పేర్లూ వేస్తా.”

పాట ఊరంతా మోగింది. పేరు మాత్రం ఓడెల్‌ది ఒక్కటే పడింది. మరిచిపోయాడేమో అనుకుంది.

ఇప్పుడు సాక్సులు జతచేస్తుంటే రేడియోలో అతని గొంతు.

“ఆ కిక్ ఎక్కడ పట్టావన్నా? జనం చచ్చిపోతున్నారు దానికోసం,” అంటున్నాడు యాంకర్.

“మా తాత కార్ల ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్ మీద పనిచేశాడు తమ్ముడూ. ఆ దెబ్బ నా రక్తంలోనే ఉంది.”

“చివర్న ఆ ఊపిరి?”

“మా తాతదే అనుకో!”

ఇద్దరూ నవ్వారు.

“మరి మీ ఆవిడేమంటుంది?”

“వర్నెటానా? దేవత. నేను పనిలో ఉంటే పిల్లల్ని మెట్లు దిగనివ్వదు. పాపం, కిక్కుకీ తలుపు చప్పుడుకీ తేడా తెలియదు.”

ఆమె చేతిలో ఒంటి సాక్సు అలాగే ఉండిపోయింది. పేరు పోతే పోయింది. ఒంట్లోంచి వచ్చిన ఊపిరిని కూడా తాతకి కట్టబెట్టాడే! అదీ ఇంత సులువుగా, నవ్వుతూ. మరిచిపోయినవాడు ఇలా మాట్లాడడు. లేచి సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసింది. వంగిన గడియని తిన్నగా చేసి బిగించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్నాళ్ళూ తన్నడానికి పట్టిందే ఎక్కువ.

సాయంత్రం ఓడెల్ ఈలవేస్తూ దిగాడు. తిన్నగా మైకు తెచ్చి డ్రయ్యర్ ముందు పెట్టాడు. “వర్నీ, కొత్త పాటకి ఇంకో తన్ను కావాలి. ఈసారి ఇంకాస్త కోపంగా తన్ను బంగారం, ఆ ఊపిరి మాత్రం మరిచిపోకు.”

ఆమె వేలితో తలుపు నెట్టింది. టిక్ మని పడింది.

“ఇదేంటి?”

“బాగుచేశాను.”

“మరి నా కిక్?”

వర్నెటా మడతపెట్టిన బట్టల బుట్ట నడుముకి ఆనించుకుని మెట్లెక్కుతూ అంది:

“మీ తాతనడుగు.”